ఉల్లి వేరు కొనలో కణ విభజన: తరచుగా అడిగే ప్రశ్నలు

కణ విభజన ప్రాక్టికల్ అనగానే చాలామంది రంగు సీసా వెతుక్కుంటారు. నిజానికి పదింట ఎనిమిది స్లైడ్లు చెడేది రంగు దగ్గర కాదు, వేరు దగ్గరే. కోసిన చోటు తప్పు, కోసిన వేళ తప్పు, లేదంటే ఆ వేరు అప్పటికే పెరగడం మానేసి ఉంటుంది. అందుకే ఇక్కడ వేరుతో మొదలుపెట్టి కణంలోకి వెళ్తున్నాం.

ఇన్ని మొక్కలుండగా ఉల్లినే ఎందుకు వాడతారు?

చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, గ్లాసుడు నీళ్లు చాలు. కానీ అసలు కారణం క్రోమోసోమ్‌లు, అంటే డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే పోగులు. ఉల్లి కణంలో ఉండేవి 16 మాత్రమే, ఎనిమిదేసి చొప్పున రెండు సెట్లు. పైగా అవి చాలా పెద్దవి, ఎందుకంటే ఉల్లి డీఎన్‌ఏ చాలా పొడవు. ఒక్క సెట్టులోనే దాదాపు 1600 కోట్ల అక్షరాలు (బేస్ జతలు) ఉంటాయి. మనిషిలో ఒక సెట్టుకు సుమారు 310 కోట్లే, అది కూడా 23 క్రోమోసోమ్‌లకు పంచి ఉంటుంది. అంటే మనకన్నా అయిదు రెట్ల డీఎన్‌ఏ ఎనిమిదింటిలోనే సర్దుకుంది. మామూలు కాలేజీ మైక్రోస్కోప్‌లో 40ఎక్స్ కింద అవి పుల్లల్లా కనిపించడానికి కారణం ఇదే. ఉల్లి దొరక్కపోతే వెల్లుల్లి రెబ్బ పెట్టండి. దానిలోనూ 16 క్రోమోసోమ్‌లే, వేర్లు కూడా తొందరగా వస్తాయి.

నాలుగు రోజులైనా గడ్డ వేర్లు వేయడం లేదు. ఏం చేయాలి?

ముందు గడ్డ ఎలాంటిదో చూడండి. పొలం నుంచి వచ్చిన కొత్త గడ్డకు కొన్ని వారాల నిద్ర ఉంటుంది. ఆ నిద్ర తీరకుండా నీళ్లలో పెట్టినా కదలదు. నిల్వ ఉండి, పైన కాస్త మొలక తొంగిచూస్తున్న చిన్న గడ్డ ఎంచుకోండి. కూరకు పనికిరాదని పక్కన పడేసే గడ్డే ఇక్కడ పనికొచ్చేది.

మొలకెత్తకుండా గామా కిరణాలు పట్టించిన ఉల్లి కూడా సరిగా వేర్లు వేయదు. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఇందుకోసం ప్రత్యేకంగా కేంద్రమే ఉంది. ఆ కిరణాలు గడ్డలోని పెరుగుదల కణాల డీఎన్‌ఏను తెంపుతాయి. డీఎన్‌ఏ తెగిన కణం విభజనకు దిగదు, ఇక మొలకెక్కడిది?

ఇవేవీ కాకపోతే తప్పు అమర్చిన తీరులో ఉంటుంది. గడ్డ అడుగున ఉన్న పాత ఎండు వేర్లను బ్లేడుతో పైపైన గీకేయండి, కింది చక్రం మాత్రం తెగకూడదు. అడుగు మాత్రమే నీళ్లకు తగలాలి. గడ్డ మునిగితే రెండో రోజుకే కుళ్లు వాసన మొదలవుతుంది. నీళ్లు రోజూ మార్చండి. మన ఎండాకాలంలో గ్లాసును కిటికీ దగ్గర పెడితే నీళ్లు గోరువెచ్చగా అయిపోయి వేర్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇంట్లో చల్లటి మూల చూసి పెట్టండి. 20 నుంచి 25 డిగ్రీలుంటే మేలు.

వేరు ఎంత పొడవున్నప్పుడు, ఏ వేళకు, ఎక్కడ కోయాలి?

పొడవు 2–3 సెంటీమీటర్లు వచ్చినప్పుడు. వేరు తెల్లగా, బిగువుగా, కొన మొనదేలి ఉండాలి. మెత్తబడిన వేరు, కొన విరిగిన వేరు వద్దు. వేళ విషయంలో ఒక్కో లేబొరేటరీది ఒక్కో అలవాటు. పొద్దున 8 నుంచి 11 లోపు కోయడం ఎక్కువచోట్ల ఉన్న పద్ధతి. ఒకే వేళను నమ్ముకోకుండా అరగంటకోసారి రెండేసి వేర్లు కోసి విడివిడి సీసాల్లో వేస్తే మీ గడ్డకు ఏ వేళ బాగుందో మీకే తెలుస్తుంది.

కోయడం సెంటీమీటరు పొడవు కోయవచ్చు, స్లైడు మీదకు వెళ్లేది మాత్రం చివరి 1–2 మిల్లీమీటర్లే. విభజన జరిగేది అక్కడే. ఇంకాస్త పైకి వెళ్తే కణాలు విభజన మానేసి, రిక్తికల్లో (కణం లోపలి సంచుల్లో) నీళ్లు నింపుకుని సాగుతుంటాయి. వేరు మట్టిలోకి దూసుకెళ్లేది ఈ సాగుడు బలంతోనే. స్లైడులో ఇటుకల్లా పొడుగాటి కణాలు, వాటిలో చిన్న కేంద్రకాలు కనిపిస్తే మీరు తప్పు ముక్క పెట్టారన్నమాట. అలాగని మరీ కొసాకు పోయినా వేరు తొడుగు కణాలే వస్తాయి.

ఫిక్సింగ్ ద్రావణం తప్పనిసరా?

అప్పటికప్పుడు చూసి వదిలేయాలంటే తాజా వేరుతోనూ నడుస్తుంది. కానీ ఫిక్స్ చేసిన వేరుతో వచ్చేంత స్పష్టత రాదు. 3 పాళ్లు ఆల్కహాల్, 1 పాలు గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ కలిపి, వేర్లను కోసిన వెంటనే అందులో వేసి 24 గంటలు ఉంచండి. ఆ క్షణంలో ఏ కణం ఏ దశలో ఉందో అక్కడే ఆగిపోతుంది. కోసిన వేరును బల్లమీద పది నిమిషాలు ఎండనిచ్చి తర్వాత వేస్తే ఫలితం ఉండదు.

ఈ ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నిల్వ ఉంచితే ఆల్కహాల్, యాసిడ్ ఒకదానితో ఒకటి చర్య జరిపి ఎస్టర్‌గా మారతాయి, పండ్ల వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే పారబోయండి. 24 గంటల తర్వాత వేర్లను 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి వాడుకోవచ్చు.

స్లైడు తయారీ మొదటినుంచి చివరిదాకా ఎలా?

వేరును నీళ్లలో కడిగి, వాచ్ గ్లాసులో 9 చుక్కల అసిటోకార్మిన్ రంగు, 1 చుక్క 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి అందులో ఉంచండి. స్పిరిట్ లాంప్ మీద వాచ్ గ్లాసును అలా చూపించి ఇలా తీయాలి. ఆవిరి లేవాలి కానీ మరగకూడదు. నాలుగైదు సార్లు చేసి, మూతపెట్టి పావుగంట నుంచి అరగంట వదిలేయండి. యాసిడ్ పని కణాలను అంటిపెట్టుకున్న పెక్టిన్‌ను కరిగించడం. అది కరగకపోతే ఎంత నొక్కినా కణాలు విడిపోవు.

తర్వాత వేరును శుభ్రమైన స్లైడు మీద పెట్టి చూడండి. కొన ముదురు ఎరుపు, మిగతాది లేత రంగు. ఆ ముదురు భాగం మాత్రం ఉంచి మిగిలింది కోసి తీసేయండి. ఒక చుక్క 45 శాతం అసిటిక్ యాసిడ్ వేసి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి సూది ఆసరాతో మెల్లగా వాల్చండి. సూది వెనక భాగంతో మధ్యలో చిన్నగా తట్టండి. ముక్క మసకబారి పలుచటి మబ్బులా విచ్చుకుంటుంది. అప్పుడు బ్లాటింగ్ పేపర్ మడతపెట్టి కప్పి, బొటనవేలితో నిలువుగా ఒక్క నొక్కు నొక్కండి. పక్కకు జరిగిందా, కణాలన్నీ చాపలా చుట్టుకుపోతాయి. ముందు 10ఎక్స్‌లో వెతికి, తర్వాత 40ఎక్స్‌కు మార్చండి.

ఇక రంగు తయారీ. 45 మి.లీ. గ్లేషియల్ అసిటిక్ యాసిడ్, 55 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి వేడిచేసి, 1 గ్రాము కార్మిన్ వేసి సన్నసెగ మీద మరిగించి, చల్లార్చి వడకట్టాలి. కిటికీలు తీసే ఉంచండి, ఆ ఆవిరి ముక్కును మండిస్తుంది. 1 నార్మల్ యాసిడ్‌కు సుమారు 8.5 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను 100 మి.లీ.కి పలుచన చేయాలి. ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు.

నా స్లైడు సరిగా రాలేదు. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది?

కణాలు కుప్పలు కుప్పలుగా ఒకదానిమీద ఒకటి ఉంటే యాసిడ్ తక్కువైంది, లేదా ముక్క పెద్దదైంది. ముక్క చిదిమితే ముద్దైపోయి, రంగు కూడా వెలవెలబోతే యాసిడ్ ఎక్కువైంది. కేంద్రకం, కణద్రవ్యం రెండూ ఒకే ఎరుపులో ఉంటే రంగు ఎక్కువైనట్టే. అంచు నుంచి 45 శాతం అసిటిక్ యాసిడ్ చుక్క వదిలి, ఎదురు అంచున బ్లాటింగ్ పేపర్ పెట్టి లాగండి. కణద్రవ్యం తేటపడుతుంది. రంగు పట్టనే లేదంటే వాచ్ గ్లాసులో వేరును ఇనుప సూదితో కదపండి. రవ్వంత ఇనుము కలిస్తే కార్మిన్ ముదురుతుంది. ఎక్కువైతే నల్లటి మడ్డి పేరుకుంటుంది, అదీ గుర్తుంచుకోండి.

నల్లటి గట్టి అంచుతో, లోపల ఏమీ లేకుండా చక్కగా గుండ్రంగా కనిపించేవి కణాలు కావు, గాలి బుడగలు. వాటిని రికార్డులో కణాలుగా గీసినవాళ్లు తక్కువేమీ లేరు.

అన్నీ సరిగా ఉండి విభజన కణాలు మాత్రం ఒక్కటీ లేకపోతే తప్పు స్లైడుది కాదు. వేరు మార్చండి.

ఎక్కువ కణాల్లో గుండ్రటి కేంద్రకమే కనిపిస్తోంది. అవి విశ్రాంతిలో ఉన్నట్టా?

విశ్రాంతి దశ అన్న పాత మాట ఇప్పటికీ కొన్ని నోట్సుల్లో తిరుగుతోంది, దాన్ని వదిలేయడమే మంచిది. అది అంతర్దశ, రెండు విభజనల మధ్య కాలం. కణం అసలు పని చేసేది అప్పుడే. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి పడుకుందనుకున్నారు.

ఈ భ్రమ పోగొట్టిందీ ఒక వేరు కొనే. 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ బాకలా చిక్కుడు వేర్లకు రేడియోధార్మిక భాస్వరం పట్టించారు. డీఎన్‌ఏ తయారీ విభజన సమయంలో కాక, అంతకు చాలా ముందే, అంతర్దశలో ఒక నిర్దిష్ట గడువులో జరిగిపోతుందని తేలింది. ఆ గడువే ఎస్ దశ. దానికి ముందున్న ఖాళీ జీ1, తర్వాతిది జీ2. ఖాళీ అన్నది పేరుకే. జీ1లో కణం పెరుగుతుంది, ప్రొటీన్లు, రైబోసోమ్‌లు కూడబెడుతుంది, విభజనకు పోవాలా వద్దా అన్నది తేల్చుకుంటుంది. జీ2లో కాపీ పూర్తయిందా, ఎక్కడైనా తెగిందా అని సరిచూసుకుంటుంది.

ల్యాబ్‌లో పెంచే మానవ కణానికి ఈ చక్రమంతా సుమారు 24 గంటలు. అందులో కళ్లకు కనిపించే విభజన దాదాపు ఒక గంటే. ఉల్లి వేరులో 23 డిగ్రీల దగ్గర చక్రం సుమారు 17 గంటలు. చల్లబడితే ఇంకా సాగుతుంది.

కణం పెరగకుండా విభజన జరిగితే ఏమవుతుంది?

ప్రతిసారీ సగమవుతూ పోతుంది. పెద్దగా ఉండే జంతువుల అండాలు ఫలదీకరణ తర్వాత చేసేది కొంతవరకు ఇదే. కప్ప అండం ముందే పెద్దది కాబట్టి మొదటి గంటల్లో జీ1, జీ2లను దాదాపు వదిలేసి కాపీ, విభజన, కాపీ, విభజన అంటూ పోతుంది. మొత్తం పిండం సైజు పెరగదు, కణాలు చిన్నవవుతాయి. వేరు కొనకు ఆ దర్జా లేదు. అందుకే ప్రతి కణం విడిపోయేలోపు దాదాపు రెట్టింపు కావాలి.

డీఎన్‌ఏ కాపీకి అన్ని గంటలు ఎందుకు?

లెక్క వేసి చూద్దాం. మన కణాల్లో కాపీ చేసే యంత్రాంగం సెకనుకు సుమారు 50 అక్షరాల వేగంతో నడుస్తుంది. ఒక చోట మొదలైతే రెండు వైపులా వెళ్తుంది కాబట్టి 100 అనుకోండి. మనిషి మొదటి క్రోమోసోమ్‌లో దాదాపు 25 కోట్ల అక్షరాలు. ఒకే చోట మొదలుపెడితే 25 లక్షల సెకన్లు, అంటే 29 రోజులు. కానీ ఎస్ దశ సుమారు 8 గంటల్లో ముగుస్తుంది. కాబట్టి అడగాల్సింది ఎందుకు అంత ఆలస్యమని కాదు, అంత తొందరగా ఎలాగని. జవాబు: కాపీ వేలాది చోట్ల విడివిడిగా మొదలవుతుంది. పొడుగాటి కాలువ తవ్వకాన్ని ముఠాలకు పంచినట్టు. ఒక్కో చోటుకు ఒక్కసారే అనుమతి. ఆ అనుమతి ముద్ర జీ1లోనే పడుతుంది, కాపీ మొదలవగానే చెరిగిపోతుంది. లేకుంటే కొన్ని ముక్కలు రెండుసార్లు కాపీ అయిపోతాయి.

రెండు పోగుల్లో ఒకటి వరసగా తయారవుతుంది. రెండోది వెనక్కి, ముక్కలు ముక్కలుగా. మన కణాల్లో ఒక్కో ముక్క 100–200 అక్షరాలు. వాటిని తర్వాత లైగేజ్ అనే ఎంజైము అతుకుతుంది. జపాన్‌కు చెందిన ఒకజాకి దంపతులు బయటపెట్టిన ముక్కలివే.

తప్పుల సంగతీ చూడాలి. కాపీ చేసే ఎంజైము పాలిమరేజ్ దాదాపు లక్షకు ఒక అక్షరం తప్పు పెడుతుంది. అంతటితో వదిలేస్తే ఒక్క మానవ కణం ఒక్కసారి విడిపోయేసరికి 60 వేల తప్పులు. పెట్టిన అక్షరాన్ని అదే ఎంజైము వెనక్కి తిరిగి చూసి కొట్టేయడం, తర్వాత మరో బృందం వచ్చి సరిపోలని జతలను మార్చడం, ఈ రెండింటి తర్వాత మిగిలేవి వంద కోట్లకు ఒకటి, లేదా ఇంకా తక్కువ.

స్లైడులో దశలను కచ్చితంగా ఎలా గుర్తుపట్టాలి?

ప్రథమ దశలో కేంద్రకం ఉబ్బి, లోపల ఊలు ఉండలా దారాలు కనిపిస్తాయి. కేంద్రకాంశం (కేంద్రకం లోపలి చిక్కటి చుక్క) మాయమవుతుంటుంది. గరుకుగా మాత్రమే ఉండి దారం విడిగా తెలియకపోతే దాన్ని అంతర్దశలోనే వేయండి. అందరూ తడబడేది ఈ గీత దగ్గరే. లెక్క మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకుని చివరిదాకా అదే పాటించాలి.

మధ్యస్థ దశలో క్రోమోసోమ్‌లు నడుమ బారుతీరతాయి, చేతులు రెండు పక్కలా వేలాడుతుంటాయి. అదే కణం ధ్రువం వైపు నుంచి పడితే వరస కాదు, పువ్వులా కనిపిస్తుంది. దాన్ని ప్రథమ దశ అనుకోకండి. చలన దశలో రెండు గుంపులు ఎడంగా జరుగుతాయి. సెంట్రోమియర్ (క్రోమోసోమ్‌లో కండె పోగు తగిలే నొక్కు) ముందు, చేతులు వెనక, మెడ పట్టి లాగుతున్నట్టు వి ఆకారాలు. అంత్య దశలో రెండు కొసల్లో రెండు ముద్దలు, మధ్యలో సన్నటి గీత. పక్కపక్కనున్న రెండు మామూలు కణాలకూ దీనికీ తేడా ఏమిటంటే, అంత్య దశలో రెండు కేంద్రకాలూ చిన్నవి, చిక్కనివి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి. మధ్య గోడ ఇంకా పలుచన.

ఆ గీత కణఫలకం. జంతు కణం నడుము దగ్గర నొక్కుకుపోయి రెండవుతుంది. గట్టి కణకవచం ఉన్న మొక్క కణానికి అది కుదరదు కాబట్టి మధ్యలోంచి బయటికి గోడ కట్టుకుంటుంది. క్రోమోసోమ్‌లను లాగే పోగుల అమరికే కండె. జంతు కణంలో దాని కొసల దగ్గర ఉండే సెంట్రియోల్‌లు ఉల్లిలో లేవు. అవి లేకుండానే కండె తయారవుతుంది. బొమ్మలో వాటిని గీస్తే మార్కు పోతుంది, పోవాలి కూడా.

మధ్యస్థ దశలో క్రోమోసోమ్‌లు 16 అనాలా, 32 అనాలా?

16. సెంట్రోమియర్‌లను లెక్కపెట్టండి. ఒక్కో దానికి రెండు క్రొమాటిడ్‌లు (కాపీ అయి అతుక్కుని ఉన్న జంట పోగులు), అంటే 32 క్రొమాటిడ్‌లు. చలన దశలో అవి విడిపోగానే ఒక్కోటీ క్రోమోసోమ్ హోదా పొందుతుంది. అప్పుడు కణం మొత్తంలో 32, ఒక్కో వైపు 16. ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపవుతుంది, క్రోమోసోమ్‌ల సంఖ్య మాత్రం మారదు. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయే చోటిది.

లెక్కపెట్టడానికి అవి విడివిడిగా పరుచుకోవాలంటే?

కండెను పడగొట్టాలి. 0.05 నుంచి 0.1 శాతం కాల్చిసిన్‌లో వేర్లను 2–4 గంటలు ఉంచితే కండె పోగులు కట్టవు. క్రోమోసోమ్‌లు బిగిసి, కణమంతా చెల్లాచెదురుగా ఆగిపోతాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ 1938లో దీన్ని ఉల్లి వేర్ల మీదే చూపించాడు. ఆయనే 1956లో జో హిన్ టియోతో కలిసి మనిషి క్రోమోసోమ్‌లు 48 కాదు, 46 అని ప్రకటించాడు. అక్కడా కాల్చిసిన్ సాయం ఉంది.

అయితే కాల్చిసిన్ విషం. మన పొదల్లో పెరిగే అడవినాభిలోనూ ఉండేది అదే. ఇంటర్ స్థాయి ల్యాబ్‌కు అది అక్కర్లేదు. పారా డైక్లోరోబెంజీన్ సంతృప్త ద్రావణం, లేదా వేర్లను 24 గంటలు మంచునీళ్లలో ఉంచడం చాలు.

మైటోటిక్ ఇండెక్స్ ఎలా కట్టాలి?

విభజనలో ఉన్న కణాలను మొత్తం కణాలతో భాగించి 100తో హెచ్చించాలి. కనీసం 500 కణాలు, వీలైతే 1000, మూడు నాలుగు వేర్ల నుంచి తీసుకోండి. విభజన బాగా కనిపించే చోటే చూస్తూ లెక్కిస్తే సంఖ్య ఉబ్బుతుంది. స్లైడును ఒక అంచు నుంచి వరసగా జరుపుతూ పోవాలి.

ఉదాహరణకు 1000 కణాల్లో ప్రథమ దశ 55, మధ్యస్థ 13, చలన 8, అంత్య 14 వచ్చాయనుకుందాం. మొత్తం 90, ఇండెక్స్ 9 శాతం. చక్రం 17 గంటలనుకుంటే ప్రథమ దశకు సుమారు 56 నిమిషాలు, మధ్యస్థకు 13, చలనకు 8, అంత్యకు 14. ఎక్కువ కణాలు ఏ దశలో దొరికితే ఆ దశ అంతసేపు సాగుతుందన్న తర్కం మీద నడిచే లెక్క ఇది. చలన దశ ఎందుకు దొరకదో కూడా ఇదే చెబుతోంది.

విభజనలో కణమే తప్పు చేస్తే?

చేయకుండా కాపలా ఉంది. ఒక్క క్రోమోసోమ్‌కు కండె పోగు తగలకపోయినా చలన దశ మొదలవదు. అన్నీ తగిలాకే క్రొమాటిడ్‌లను కట్టి ఉంచిన కొహెసిన్‌ను సెపరేజ్ అనే ఎంజైము తెంపుతుంది. ఈ చక్రాన్ని నడిపే సైక్లిన్ ప్రొటీన్లు, వాటితో కలిసి పనిచేసే కైనేజ్ ఎంజైముల మీద పనికే లీలండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ వచ్చింది.

కాపలా కన్నుగప్పినవి స్లైడులో కనిపిస్తాయి. చలన దశలో రెండు గుంపుల మధ్య దారం సాగి ఉంటే అది వంతెన, క్రోమోసోమ్ తెగి తప్పుగా అతుక్కుందని అర్థం. పెద్ద కేంద్రకం పక్కన చుక్కంత బుల్లి కేంద్రకం ఉంటే వెనకబడిన ముక్క విడిగా మిగిలిందని అర్థం. మురుగునీళ్లలో విషం ఎంతుందో తేల్చడానికి ఉల్లి వేర్లు పెంచి ఇలాంటివి లెక్కపెట్టే పరీక్ష ఉంది.

క్యాన్సర్ మందులు పనిచేసేది ఇక్కడేనా?

చాలావాటిది ఇదే దారి. పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ కండె పోగులు కట్టకుండా అడ్డుకుంటుంది, కాల్చిసిన్ లాగే. టాక్సాల్ దీనికి వ్యతిరేకం, కట్టిన పోగులను విడిపోనివ్వదు. రెండింటి ఫలితం ఒకటే, కణం మధ్యలో ఇరుక్కుంటుంది.

ఎస్ దశను కొట్టే మందుల కథలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలిన, దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. ఫోలేట్ లేనిదే కణం థైమిడిన్ కట్టుకోలేదు, అది లేనిదే డీఎన్‌ఏ లేదు. సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా పిల్లల్లో దీని ఫలితాలను ప్రచురించాడు. ఈ కోవలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. జుట్టు రాలడం, నోటి పూత ఎందుకంటే, వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర కూడా వేగంగా విభజన జరిపే చోట్లే. మందుకు తేడా తెలియదు.

ఇదే స్లైడులో క్షయకరణ విభజన కూడా చూడవచ్చా?

కుదరదు. వేరులో జరిగేది సమవిభజనే. క్షయకరణానికి, అంటే క్రోమోసోమ్‌లు సగమయ్యే విభజనకు, ఉల్లి పూమొగ్గల్లోని పరాగకోశాలు కావాలి, అదీ చాలా లేతవి. పువ్వు విచ్చే నాటికి అంతా అయిపోయి పుప్పొడి మిగులుతుంది.

స్లైడు ఎన్నాళ్లు ఉంటుంది?

కవర్ స్లిప్ అంచులను గోళ్ల రంగుతో మూసేస్తే కొన్ని రోజులు, ఫ్రిజ్‌లో ఇంకొన్ని. ఎండి బుడగలు రావడం మొదలైతే ఇక లాభం లేదు.

వేర్లు కోసేసిన గడ్డను కూరలో వేసుకోవచ్చా?

ఒట్టి నీళ్లలో పెట్టింది, కుళ్లనిది అయితే ఇబ్బందేమీ లేదు. రంగు, యాసిడ్ పడింది కోసిన వేరు మీదే కానీ గడ్డ మీద కాదు. కాల్చిసిన్‌లోనో మరో రసాయనంలోనో కూర్చున్న గడ్డను మాత్రం వంటింటి వైపు తేకండి. పశువులు తినే చోట పడేయనూ వద్దు. ల్యాబ్‌లోనే విడిగా పెట్టి, చీటీ అంటించండి.